తోట పనులకు పాత ఏటీవీ కొనవచ్చా, మినీ ట్రాక్టరే మేలా?

చేవెళ్లతోట:
అందరికీ నమస్కారం. మేము మెహదీపట్నంలో ఉంటాము, చేవెళ్ల దగ్గర మాకు 4 ఎకరాల మామిడి తోట ఉంది. రోడ్డు నుంచి బోరు గది దాకా ఉన్న మొరం బాట ప్రతి వానాకాలమూ కోతకు గురవుతోంది. ఎరువు బస్తాలు, 200 లీటర్ల మందు డ్రమ్ము, నరికిన కొమ్మలు అటూ ఇటూ చేర్చడానికి ప్రతిసారీ కూలీలను వెతుక్కోవలసి వస్తోంది. మినెసోటాలో ఉన్న మా తమ్ముడు చలికాలంలో తన ఏటీవీకి (ఎగుడుదిగుడు నేల మీద తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి) బ్లేడు బిగించి ఇంటి ముందు మంచు తోసుకుంటాడు, వేసవిలో అదే బండితో ట్రాలీ లాగుతాడు. శంషాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్ వారు 500 సీసీ, ఫోర్ వీల్ డ్రైవ్, విన్చి (తీగ చుట్టుకుంటూ బరువు లాగే పరికరం) ఉన్న పాత ఏటీవీని అమ్ముతామంటున్నారు. తిరిగిన కిలోమీటర్లు చాలా తక్కువ. చూడటానికి వెళ్లినప్పుడు ఏమేమి పరీక్షించాలి? మంచు తోసే బ్లేడు తెప్పించుకుంటే దానితో మొరం బాట చదునవుతుందా?

రేగడినేల:
మీరు చెప్పిన పనుల్లో ఏటీవీకి లొంగనిది మందు కొట్టడం. పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టాలంటే చెట్టు కొస దాకా చేరేంత ఒత్తిడి కావాలి. అందుకు వాడే హెచ్‌టీపీ (అధిక ఒత్తిడి) పంపును తిప్పడానికి ట్రాక్టరుకు పీటీఓ, అంటే ఇంజను శక్తిని బయటి పరికరాలకు అందించే ఇరుసు ఉంటుంది, ఏటీవీకి సాధారణంగా ఉండదు. బ్యాటరీ మీద నడిచే చిన్న పంపు కలుపు మందుకు సరిపోతుంది గాని ఎదిగిన మామిడికి చాలదు. పైగా డ్రమ్ము నిండితే నీటి బరువే 200 కిలోలు, ఈ తరగతి ఏటీవీల వెనుక ర్యాకు మోసేది 100 కిలోల లోపే. మహీంద్రా యువరాజ్ 215, వీఎస్‌టీ శక్తి వంటి 15–18 హెచ్‌పీ పాత మినీ ట్రాక్టరు పంపునూ తిప్పుతుంది, చెట్ల మధ్య దున్నుతుంది, చెడితే దగ్గర్లోనే మెకానిక్ దొరుకుతాడు. ఏటీవీ బెల్టు తెగితే కొత్తది వచ్చేదాకా మీ బండి షెడ్డులోనే ఉంటుంది.

మంచుబాట:
మిషిగన్‌లో ఉన్నన్నాళ్లూ ఏటీవీతో మంచు తోసినవాణ్ణి. తక్కువ కిలోమీటర్లు చూసి సంబరపడకండి, గంటల మీటరు చూడండి. బరువు పని చేసిన బండి నడక వేగంతో గంటల తరబడి ముందుకూ వెనక్కూ తిరుగుతుంది కాబట్టి కిలోమీటర్లు పెరగకుండానే ఇంజను అరుగుతుంది. అతిథులను ఎక్కించుకుని తోట చుట్టూ తిరిగిన బండి సంగతీ అంతే.

ఇలాంటి బండ్లలో ఎక్కువ వాటికి సీవీటీ బెల్టే (గేర్లకు బదులు ఇంజను శక్తిని చక్రాల వైపు చేర్చే రబ్బరు బెల్టు) ఉంటుంది. బరువు లాగేటప్పుడు లో రేంజి (వేగం తగ్గించి లాగే బలం పెంచే గేరు) వేయకుండా నడిపితే ఆ బెల్టు జారి, వేడెక్కి, అంచులు నున్నబడి మెరుస్తాయి. కవరు విప్పించి చూడండి, కాలిన రబ్బరు వాసన కూడా అప్పుడే తెలుస్తుంది. ఇంజను ఆయిలు పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీరు చేరిందని అర్థం, ఇక బేరం అనవసరం. ఒక్కో చక్రాన్నీ జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగులు, బాల్ జాయింట్ల అరుగుదల బయటపడుతుంది. యాక్సిల్ కీళ్లను కప్పే రబ్బరు బూట్లు చిరిగి ఉంటే లోపల మట్టి చేరే ఉంటుంది. సీసీ గురించి ఇంతగా చర్చించేవారు ఈ బూట్లను ఎందుకు చూడరో నాకు అర్థం కాదు.

మంచు బ్లేడు వదులుగా ఉన్నదాన్ని పక్కకు తోయడానికే తయారైంది. గట్టిది తగిలితే విరగకుండా స్ప్రింగుల మీద ముందుకు వాలిపోతుంది. కాబట్టి కొత్తగా పోసిన మొరాన్ని పరచగలదు గాని, గట్టిపడిన బాటను గీయలేదు. ఆ బాటను కోస్తున్నది నీరే కదా, ముందు పక్కన కాలువ తీయించండి.

కాగితాలవారు:
మోటారు వాహనాల చట్టం, 1988లోని 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపకూడదు. ఆ ఏటీవీకి ఆర్‌సీ ఉందో లేదో అడగండి. లేకపోతే శంషాబాద్ నుంచి డీసీఎంలో ఎక్కించి తెచ్చుకోవాలి, ఆ తరువాత కూడా అది మీ కంచె దాటి రాకూడదు. అసలు ఇన్‌వాయిస్, దిగుమతి బండి అయితే కస్టమ్స్ కాగితాలు తీసుకుని ఛాసిస్ నంబరుతో సరిచూసుకోండి. ట్రాక్టరు కొనేటట్లయితే బదిలీకి ఫారం 29, 30, దాని మీద అప్పు తీరి ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 తప్పనిసరి.

చేవెళ్లతోట:
అందరికీ కృతజ్ఞతలు. మందు కొట్టడానికి ఎలాగూ ఊళ్లోని ట్రాక్టరు పంపును కిరాయికి పిలుస్తాము, మాకు కావలసింది మోత పని ఒక్కటే కాబట్టి ఏటీవీని ఒకసారి చూసి వస్తాను. వారు బెల్టు కవరు విప్పనివ్వకపోతే ఏం చేయాలి?

మంచుబాట:
కొత్త బెల్టు, క్లచ్చుల ఖర్చు మీ నెత్తిన పడుతుందని లెక్కవేసి ఆ మేరకు ధర తగ్గించమనండి. మీరు వెళ్లేదాకా ఇంజను స్టార్ట్ చేయవద్దని ముందే ఫోనులో చెప్పండి, వేడిగా ఉన్న ఇంజను తన జబ్బులను చాలావరకు దాచేస్తుంది. ట్రాలీలో డ్రమ్ము నింపుకుని లో రేంజిలో కాస్త ఎత్తు ఎక్కించి, దిగేటప్పుడు బ్రేకులు ఆపగలుగుతున్నాయో లేదో కూడా చూడండి.