అప్‌డేట్: అమృత్‌సర్ చెస్ సెట్లకు ఏ టారిఫ్ కోడ్ వచ్చిందంటే

అమృత్‌సర్‌లో షీషం, బాక్స్‌వుడ్ కలపలతో చేసిన చెస్ సెట్లను అమెరికాకు తెప్పించుకుంటే, టారిఫ్ కోడ్‌లో (కస్టమ్స్ వాళ్లు సుంకం లెక్కకు సరుకుకిచ్చే నంబర్) అవి చెక్క సామాను కింద వస్తాయా, ఆటవస్తువుల కిందా అని అడిగాను కదా. సరుకు చేరింది. జవాబులిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

ముందు మా కస్టమ్స్ బ్రోకర్ (సరుకు కాగితాలు చూసే ఏజెంట్) 4420 అన్నారు, అంటే చెక్క అలంకరణ వస్తువులు. కానీ టారిఫ్ పట్టికలో 95వ అధ్యాయంలోకి వచ్చే ఆటవస్తువులు 44లోకి రావని 44వ అధ్యాయం మొదటి నోట్‌లోనే ఉంది. అది చూపిస్తే ఒప్పుకున్నారు. ఖరారైన కోడ్ 9504.90.60. చెస్ పేరు అందులో నేరుగా ఉంది, బోర్డులు, విడిభాగాలు కూడా అందులోకే వస్తాయి. కాబట్టి పావులు విడిగా తెప్పించినా ఇదే. సాధారణ సుంకం సున్నా. అదనపు సుంకాలు మాత్రం వేరే లెక్క, సరుకు బయల్దేరే ముందు చూసుకోండి.

ఇండియాలోకి తెప్పించుకునేవాళ్లకు 9504 90 10, అన్ని రకాల చెస్ సెట్లకూ అదే.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది కోడ్ కాదు, కలప. షీషం డాల్బెర్జియా జాతి, 2017 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో, అంటే వ్యాపారంపై నియంత్రణ ఉన్న జాబితాలో ఉంది. ఇన్‌వాయిస్‌లో ఉత్త 'చెక్క' అని కాకుండా కలప శాస్త్రీయ నామం, బరువు రాయించండి. సైటిస్ కాగితాల సంగతి అమ్మకందారుతో ముందే తేల్చుకోండి.