'ఉన్నదంతా తాకట్టుకి పోయింది': ఒక బ్లూస్ పల్లవి గురించి

పోయిన వారం ఇక్కడ కుదువ, తాకట్టు, తనఖా అనే మాటల మీద మంచి చర్చ నడిచింది. అవి మూడూ నాకు ఒక పాట దగ్గర ఎదురొచ్చాయి. దాన్ని తెలుగులోకి తెస్తున్నాను, మీ అందరి అభిప్రాయం కావాలి.

ఎలిజబెత్ కాటన్ అనే నల్లజాతి అమెరికన్ గాయని 1967లో ఫోక్‌వేస్ అనే రికార్డుల కంపెనీ ద్వారా 'షేక్ షుగరీ' అనే ఆల్బమ్ తెచ్చింది. అప్పటికి ఆవిడకు డెబ్బై దాటాయి. పుట్టింది నార్త్ కరోలినాలోని కార్బరోలో. చిన్నప్పుడే ఇళ్లలో పనికి కుదిరి, ఆ జీతం కూడబెట్టి 3.75 డాలర్లకు ఒక స్టెల్లా గిటార్ కొనుక్కుంది. ఎడమచేతి వాటం కాబట్టి మామూలు గిటార్‌నే తిరగేసి పట్టుకునేది. బ్లూస్ అనేది నల్లజాతి అమెరికన్ల పాటల పద్ధతి. అందులో ఆగ్నేయ అమెరికా వైపు పీడ్‌మాంట్ శైలి వాయించేవాళ్లు బొటనవేలితో బేస్ తీగలు, మిగతా వేళ్లతో వరస మీటుతారు. ఈవిడది పూర్తిగా తలకిందులు: బేస్ వేళ్లతో, వరస బొటనవేలితో. లోకపు పాటలు మానేయమని చర్చిలో చెప్పాక ఏళ్ల తరబడి గిటార్ ముట్టలేదు. వాషింగ్టన్ దగ్గర, జానపద సంగీతకారులైన సీగర్ కుటుంబం ఇంట్లో పనిచేస్తున్నప్పుడు గోడకున్న గిటార్ తీసి మళ్లీ మొదలుపెట్టింది. ఆ ఇంటబ్బాయి మైక్ సీగరే ఆవిడ పాటలు రికార్డు చేశాడు.

ఆల్బమ్‌లో పాతకాలపు వరసలూ ఉన్నాయి, సొంత పాటలూ ఉన్నాయి. మకుటం పాట, అంటే ఆల్బమ్‌కి పేరిచ్చిన 'షేక్ షుగరీ', సొంతది. అందులో ఒక్కో చరణం ఇంట్లో సామాను ఒక్కోటి తాకట్టుకి వెళ్లిపోవడమే. గడియారం, గొలుసు, కుర్చీ, మంచం... పల్లవి మాత్రం ఒకటే: నాకున్నదంతా తాకట్టులో ఉంది. మంచం చరణం నేను ఇలా రాసుకున్నాను:

కుర్చీ పోయె, మంచం పోయె,
తల వాల్చే చోటూ పోయె.

'పోయె' అని ఎందుకు రాశానంటే, పల్లవిలో 'డన్' అనే మాట ఉంది. నల్లవాళ్ల ఇంగ్లీషులో అది క్రియతో కలిస్తే ఆ పని పూర్తిగా అయిపోయిందని. మనకి ఆ పని 'పోవు' చేసిపెడుతుంది. అయిపోయింది, వెళ్లిపోయింది, చెడిపోయింది. పని పూర్తవడం, చేజారడం రెండూ అందులోనే ఉన్నాయి. అందుకే 'తాకట్టు పెట్టాను' కంటే 'తాకట్టుకి పోయింది' మెరుగని నా పట్టుదల. పాటలో మనిషి తన గొప్పా చెప్పుకోదు, తప్పూ చెప్పుకోదు. వస్తువులే ఒకటొకటిగా లేచి వెళ్లిపోతున్నట్టు ఉంటుంది.

అనంతపురం నుంచి:
అక్కా, మా వైపు 'కుదువ పెట్టినాం' అంటేనే ప్రాణం ఉంటుంది. తాకట్టు అంటే బ్యాంకు బోర్డు గుర్తొస్తుంది. తనఖా అయితే అసలే వద్దు, పొలం పత్రాల వాసన కొడుతుంది.

జవాబు:
తనఖా విషయంలో మీ మాటే నా మాట. కుర్చీని, మంచాన్ని ఎవరూ తనఖా పెట్టరు. కుదువ మాత్రం నన్ను ఊరిస్తోంది. రాయలసీమ గొంతుతో ఎవరైనా ఈ పాట పాడితే కుదువే పెట్టాలి. నేను కృష్ణా జిల్లా దాన్ని, నా నోట్లో తాకట్టు ఆడినంత సులువుగా అది ఆడదు.

తెనాలి నుంచి:
అమ్మా, చర్చి సంగతి ఎత్తారు కాబట్టి ఒకటి చెబుతాను. బైబిల్ ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో తిరగలిని తాకట్టు పట్టకూడదని ఉంది, అది మనిషి జీవనాధారం కనుక. బీదవాడు దుప్పటి తాకట్టు పెడితే పొద్దుగూకేసరికి తిరిగి ఇచ్చేయాలి, అతను కప్పుకుని పడుకోవాలి కదా. మన బైబిల్లో ఆ చోట 'తాకట్టు' అనే మాటే వాడారు. ఆవిడ చర్చి మనిషి. మంచం పోయి తల వాల్చే చోటు లేదన్న చరణం చదవగానే నాకు ఆ వాక్యమే తట్టింది.

జవాబు:
మాస్టారూ, చాలా సంతోషం. ఆవిడ ఆ వాక్యం తలచుకుని కట్టిందని నేను అనలేను గానీ, తాకట్టు అనే మాటకి ఇది పెద్ద బలం. అమ్మేస్తే అంతటితో తెగిపోతుంది. తాకట్టు అన్నప్పుడు విడిపించుకోవడం అనే ఆశ వెనకాలే ఉంటుంది. ఈ పాటలో విడిపించే చరణం లేదు. చిన్న రహస్యం ఉంది, చెప్పను అంటూ ఒక గింజ తొక్కలో కూర్చుని స్వర్గానికి పోతానన్న చరణం మాత్రం ఉంది.

విశాఖ నుంచి:
అంత కష్టం చెప్పే పాటలో ఈ గింజ తొక్క ఏమిటండీ? శోకంగా, 'అయ్యో' అంటూ రాయొచ్చు కదా. బ్లూస్ అంటే ఏడుపే కదా.

జవాబు:
ఇక్కడే నేను గట్టిగా కాదంటాను. ఈ పాట కట్టడంలో ఆవిడ మునిమనవల చెయ్యి ఉంది. మొదటి చరణం పెద్ద మునిమనవడిది, మిగతా పిల్లలు తలో మాట కలిపారు. రికార్డులో పాడింది ఆవిడ కూడా కాదు, పన్నెండేళ్ల మునిమనవరాలు బ్రెండా ఎవాన్స్. గిటార్ మాత్రం ముసలావిడది. ఆ పిల్ల గొంతులో ఒక్క చోట కూడా ఏడుపు లేదు. పిల్లలు ఆటలో వస్తువుల పేర్లు వరసగా చెప్పినట్టు చెబుతుంది. ఇల్లంతా ఖాళీ అయిపోతున్నా లయ తప్పదు. 'అయ్యో' అని ఒక్క మాట చేర్చామా, పాట పోయినట్టే. పైగా మామూలు బ్లూస్ చరణంలో మొదటి పాదం రెండుసార్లు పాడి, మూడో పాదంలో జవాబు చెబుతారు. ఇందులో ఆ పద్ధతి లేదు. రెండేసి పాదాల ప్రాసలు, వెనకే పల్లవి. మన పిల్లల పాటల నడక దీనికి సరిగ్గా సరిపోతుంది. అందుకే నేను పాదాల్ని అంత పొట్టిగా ఉంచాను.

విశాఖ నుంచి మళ్లీ:
ఒప్పుకున్నాను. మరి పిల్లలు కట్టింది ఆవిడ పాట ఎలా అవుతుంది?

జవాబు:
పిల్లల పాత్ర బయటపెట్టింది ఆవిడే. పేరు పోగొట్టుకోవడం అంటే ఏమిటో ఆవిడకు బాగా తెలుసు. పదకొండు, పన్నెండేళ్ల వయసులో కట్టిన 'ఫ్రైట్ ట్రైన్' పాట 1957లో ఇంగ్లండ్‌లో హిట్టయింది, రచయితలుగా వేరేవాళ్ల పేర్లతో. తర్వాత గొడవపడితే గానీ ఆవిడ పేరు చేరలేదు. అలాంటి మనిషి తన మకుటం పాటని పన్నెండేళ్ల పిల్ల చేత పాడించడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

హైదరాబాద్ నుంచి:
'షేక్ షుగరీ'ని ఏం చేస్తారు మేడం?

జవాబు:
అలాగే ఉంచేస్తాను. నాట్యానికి నేల మీద పంచదార చల్లేవారని, దాని నుంచి వచ్చిందని కొందరంటారు, కానీ అందరూ ఒప్పుకున్న అర్థం లేదు. పిల్లల పాటల్లో అర్థం లేని మాటలు మనకు కొత్తా? 'చెమ్మచెక్క చారడేసి మొగ్గ' అంటుంటే ఎవరూ ఆపి అర్థం అడగరు. పల్లవి నేను ఇలా తేల్చుకున్నాను, ఎక్కడైనా తడబడితే దిద్దండి:

ఓరి దేవుడా, షేక్ షుగరీ,
ఉన్నదంతా తాకట్టుకి పోయె.

అనంతపురం తమ్ముడు కుదువతో ఇంకోటి రాస్తే దీని పక్కనే పెడదాం.