1940 జూన్ 4న చర్చిల్ మాటలు విని మామూలు జనం ఏమనుకున్నారు?

అందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధం గురించి లోతుగా చదివినవాళ్లు ఉంటే కాస్త సాయం చేయండి.

ఫ్రాన్స్ తీరంలోని డన్‌కర్క్‌లో జర్మన్ల ముట్టడిలో చిక్కిన 3,38,000 మందికి పైగా సైనికులను ఓడల్లో, చిన్న చిన్న పడవల్లో బ్రిటన్‌కు దాటించాక అక్కడి ప్రధాని చర్చిల్ పార్లమెంటులో చేసిన ప్రసంగం మీద మా అమ్మాయి కాలేజీ సెమినార్‌లో మాట్లాడాలి. తీరాల్లో పోరాడతాం, పొలాల్లో, వీధుల్లో పోరాడతాం, ఎన్నటికీ లొంగం అన్నది అందులోనే. అయితే సైన్యాన్ని వెనక్కి తెచ్చుకున్నంత మాత్రాన యుద్ధం గెలిచినట్టు కాదని కూడా అదే నోటితో చెప్పాడు. నాకు ఆ నిజాయితీయే ఎక్కువ నచ్చుతుంది.

ఇప్పుడు యూట్యూబ్‌లో వినే గొంతు ఆ రోజుది కాదు, 1949లో విడిగా రికార్డు చేసింది. ఆ సాయంత్రం బీబీసీలో న్యూస్ రీడర్ కొన్ని భాగాలు చదివాడంతే.

మరి రేడియో ముందు కూర్చున్నవాళ్లకు గర్వం కలిగిందా, గుండె జారిందా? కొడుకు ఇంకా ఇంటికి చేరని తల్లికి ఆ మాటలు ఎలా వినిపించి ఉంటాయి? ససెక్స్ యూనివర్సిటీకి చెందిన మాస్ అబ్జర్వేషన్ సేకరణలో అప్పటి సామాన్యుల డైరీలున్నాయి. వాటిని ఇండియా నుంచి ఉచితంగా చదివే దారి ఉందా? బ్రిటన్‌లో చదువుకుంటున్న తెలుగువాళ్లెవరైనా చెప్పగలరా?

ఇంకొకటి, కంచరగాడిదల దళాలతో డన్‌కర్క్‌లో ఉన్న భారత సైనికుల ఉత్తరాలు ఎక్కడైనా అచ్చయ్యాయా? సెమినార్ వచ్చే వారమే, కొంచెం టెన్షన్‌గా ఉంది.