సమస్య: ముల్లు గుచ్చుకొనగ మోము వెలిగె

మద్దిలపాలెం మాస్టారు:
ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. అరకు, పాడేరు, లంబసింగి వైపు బ్యాగులు తగిలించుకుని రోజుల తరబడి కొండలెక్కే పిల్లలు మనలో బోలెడుమంది ఉన్నారు కదా, దార్లో కోసుకు తినే అడవి పళ్ళ మీదే ముందు మూడు పాదాలు రాసి పూరించండి. ముల్లు దిగితే అబ్బా అనాలి గానీ మొహం వెలగడమేంటి, అది తేల్చాలి.

గాజువాక కుర్రాడు:
ఎండ లోన నడచి యెంతొ డస్సితి నేను
రేగు కంప చూడ రెక్కలొచ్చె
చేయి చాచి యెర్ర చిన్న పండును పట్ట
ముల్లు గుచ్చుకొనగ మోము వెలిగె

మాస్టారు:
బాబూ, గణాలు, యతులు (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) అన్నీ కుదిరాయి, రెక్కలొచ్చె అన్నది హాయిగా పడింది. కానీ పండు నోట్లో పడినట్టు ఎక్కడా లేదు, పట్టుకున్నాడు, గుచ్చుకుంది, వెలిగింది, మధ్యలో మెట్టు జారిపోయింది. పైగా రేగుపండు డిసెంబరు, జనవరుల్లో కదా, డస్సిపోయేంత ఎండెక్కడిది? ఇలా మార్చి చూడు:

మంచు లోన నడచి మడమ నొచ్చిన వేళ
రేగు కంప చూడ రెక్కలొచ్చె
నోట పండు పడగ నొప్పి తెలియలేదు
ముల్లు గుచ్చుకొనగ మోము వెలిగె

గాజువాక కుర్రాడు:
చాలా బాగుంది మాస్టారూ, మంచు పెట్టగానే లంబసింగి కళ్ళ ముందుకొచ్చేసింది.

ఎంవీపీ అమ్మాయి:
నల్ల పండు జూడ నాకు సందియమాయె
విషమొ కలివొ యనుచు వెనుక నిలిచి
కొమ్మ ముట్టినంత కొస చీలినట్టిదౌ
ముల్లు గుచ్చుకొనగ మోము వెలిగె

మాస్టారు:
శభాషమ్మా! కొస చీలిన ముల్లే అది విషం కాదు, కలివి పండని ఆనవాలు చెప్పింది, అందుకే సంతోషం. సమస్య విడిపోవడం అంటే ఇదీ, ఈ వారం నా ఓటు దీనికే.

చింతపల్లి అక్క:
పద్యం నాకూ నచ్చింది చెల్లీ, కానీ ముల్లొక్కటే చూసి ఎవరూ నోట్లో వేసుకోకండి. కలివి కాయ తుంచితే తెల్లటి పాలు కారతాయి, పచ్చిది పుల్లగా వగరుగా ఉంటుంది, బాగా నల్లబడ్డాకే తీపి, అప్పుడు కూడా నాలుగు తినేసరికి పెదాలు జిగురుగా అంటుకుంటాయి. పాలు కారే విషపు చెట్లూ ఉన్నాయి కాబట్టి ఊళ్ళో వాళ్ళని అడిగి కోసుకోవాలి. ఎర్రటి గింజకి నల్లటి మచ్చ ఉంటే అది గురివింద, నమిలితే ప్రాణం మీదకొస్తుంది, పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు. అలాగే కంబాలకొండలో అసలు ఏమీ కోయకండి, అది అభయారణ్యం, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, ఆ పళ్ళు అక్కడి పిట్టలవి, జంతువులవి.

పెందుర్తి బాబాయి:
బాట తప్పినాము పాడేరు కొండలో
ఆకలేసె దూరమెంతొ తెలియ
ఈత గెలలు పండి యెదుట కన్పట్టగా
ముల్లు గుచ్చుకొనగ మోము వెలిగె

మాస్టారు:
బాబాయ్ గారూ, మూడో పాదం అద్భుతం, ఈత గెల కోయబోతే మట్టల మొదట్లో సూదుల్లాంటి ముళ్ళు చేతిలో దిగడం తిన్నవాళ్ళకే తెలుస్తుంది. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది, మొదటి ఆ-కి "ఎంతొ"లోని ఎ చెల్లదు. "ఆకలేసె దూరమరయలేము" అంటే అ పడుతుంది, అర్థమూ తిన్నగా వస్తుంది.

పెందుర్తి బాబాయి:
మార్చేశాను మాస్టారూ. మరి వచ్చే వారానిది?

మాస్టారు:
మళ్ళీ ఆటవెలదే, మళ్ళీ కొండల మీదే: "పండు తినినవాడు పస్తు పడియె." ఆదివారం లోపు పెట్టండి.