నెట్ లేని చోట ఎఫ్‌టీ8: డీటీ రోజురోజుకీ పెరిగిపోతోంది, గడియారం సరిచేసేదెలా?

పోర్టబుల్_5వాట్

నమస్కారం. హామ్ రేడియోలో ఎఫ్‌టీ8 (గడియారం ప్రకారం సందేశాలు పంపే డిజిటల్ పద్ధతి) నడుపుతున్నాను. విండోస్ 10 ల్యాప్‌టాప్, డీకోడ్ చేయడానికి డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రామ్. నెట్ ఉన్నప్పుడు డీటీ (మన గడియారానికీ వచ్చిన సిగ్నల్‌కీ సెకన్లలో తేడా) కాలమ్‌లో అందరికీ 0.1, 0.2 వస్తుంది. నెట్ లేని కొండ మీద స్టేషన్ పెడితే ఒక రోజుకి 1.0, రెండు రోజులకి 1.8. మూడో రోజు వాటర్‌ఫాల్ (సిగ్నళ్లు గీతలుగా కనిపించే తెర) నిండా సిగ్నళ్లు, డీకోడ్ మాత్రం సున్నా. మదర్‌బోర్డ్ బ్యాటరీ మార్చాలా? యూఎస్‌బీ జీపీఎస్ చాలా, పీపీఎస్ (సెకనుకో కచ్చితమైన పల్స్) ఉన్నదే కావాలా? ఇదే సెటప్ రాస్ప్‌బెర్రీ పై 4 మీద నడపాలంటే ఇంకేం కావాలి?

క్రిస్టల్_ఓవెన్

బ్యాటరీ జోలికి వెళ్లకండి. అది మెషీన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు నడిచే గడియారం కోసం. మీ లెక్క ప్రకారం రోజుకి 0.85 సెకను తేడా, అంటే దాదాపు 10 పీపీఎం (పది లక్షల్లో 10 వంతులు, అంటే రోజుకి 0.864 సెకను). గడియారాన్ని నడిపే మామూలు క్రిస్టల్‌కి అది లోపమేం కాదు, ఎండా చలీ మారితే ఆ మాత్రం జరుగుతుంది.

ఎఫ్‌టీ8లో ఒక్కో స్లాట్ (ప్రసారానికి ఒక వంతు) 15 సెకన్లు. సిగ్నల్ అర సెకను దగ్గర మొదలై 12.64 సెకన్లు ఉంటుంది. డీకోడర్ అటూ ఇటూ సుమారు రెండున్నర సెకన్ల వరకే వెతుకుతుంది. మూడో రోజు మీరు ఆ గీత దాటారు.

డీటీ గుర్తు దగ్గర చాలామంది తికమకపడతారు. అందరి డీటీ ప్లస్‌లో ఉందంటే వాళ్లు ఆలస్యం కాదు, మీ గడియారం ముందుంది. మీరు ప్రసారం చేస్తే అదే తేడా అవతలివాళ్లకి మైనస్‌లో కనిపిస్తుంది. ఒక్కరి డీటీ చూసి గడియారం తిప్పొద్దు. పది స్టేషన్లు చూడండి. అందరిదీ ఒకేలా ఉంటే తప్పు మీది, ఒక్కరిదే దూరంగా ఉంటే వాళ్లది.

ఏ పరికరమూ లేకుండా సరిచేయాలంటే పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సెట్-డేట్ కమాండ్‌కి అడ్జస్ట్ పారామీటర్‌తో మైనస్ 0:0:1.6 ఇవ్వండి. 1.8 ఉన్న డీటీ 0.2కి దిగుతుంది. రోజుకోసారి అప్పటి డీటీకి తగ్గట్టు ఇది చేస్తే మీ సమస్య అక్కడితో సరి.

డీకోడ్ పూర్తిగా ఆగిపోతే డీటీ కనిపించదు కదా, అప్పుడు చెవికి పని చెప్పండి. ప్రతి స్లాట్ చివరా బ్యాండంతా రెండు సెకన్లకి కాస్త పైగా నిశ్శబ్దంగా ఉండి, మళ్లీ అందరూ ఒక్కసారి అందుకుంటారు. ఆ క్షణంలో మీ గడియారం 00.5 (లేదా 15.5, 30.5, 45.5) చూపించాలి. 03 చూపిస్తే రెండున్నర సెకన్లు ముందున్నట్టు. ఆ మేరకు వెనక్కి తిప్పితే డీకోడ్ మొదలవుతుంది, మిగతాది డీటీ చూసి సవరించుకోవచ్చు.

యాగీ_3

పీపీఎస్ అవసరం లేదు. అది మైక్రోసెకన్ల సరుకు, మనకి కావలసింది అర సెకను లోపు. యూ-బ్లాక్స్ 7 చిప్ ఉన్న మామూలు డాంగిల్ చాలు. డివైస్ మేనేజర్‌లో కామ్ పోర్ట్ నంబర్ చూసి, ఎన్‌ఎంఈఏటైమ్ గానీ బీకేటీటైమ్‌సింక్ గానీ ప్రోగ్రామ్ పెట్టి, ఆ పోర్ట్, 9600 బాడ్ ఇవ్వండి.

ఇక చిక్కులు. ఎన్‌ఎంఈఏ వాక్యం (జీపీఎస్ పంపే సమాచారపు వరుస) సెకను మారిన వెంటనే రాదు, కొన్ని వందల మిల్లీసెకన్ల తర్వాత వస్తుంది. ఒక్కో డాంగిల్‌కి ఒక్కోలా. నెట్ ఉన్న చోట ముందు ఎన్‌టీపీతో (నెట్ ద్వారా సమయం తెచ్చే పద్ధతి) గడియారం సరిచేసి, డాంగిల్ ఎంత వెనుక ఉందో చూసి, ఆ అంకెని సాఫ్ట్‌వేర్‌లోని ఆఫ్‌సెట్ గడిలో రాసుకోండి. ఈ పని బయల్దేరే ముందే చేయాలి.

రెండోది లీప్ సెకన్లు, అంటే యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయం) అప్పుడప్పుడు కలిపే అదనపు సెకన్లు. జీపీఎస్ సమయం యూటీసీ కన్నా ఇప్పుడు 18 సెకన్లు ముందుంది. ఆ సవరణ ఉపగ్రహ సందేశంలోనే వస్తుంది, ఆ సందేశం పూర్తి చుట్టు తిరగడానికి 12.5 నిమిషాలు. అది అందేదాకా రిసీవర్ తన ఫర్మ్‌వేర్‌లోని పాత అంకెని వాడొచ్చు. అది 16 అయితే మీ గడియారం సరిగ్గా 2 సెకన్లు ముందుంటుంది, పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే ఆకాశం బాగా కనిపించే చోట పెట్టి పావుగంట ఆగాకే సింక్ నొక్కండి. ఆర్‌ఎంసీ అనే ఎన్‌ఎంఈఏ వాక్యంలో ‘ఏ’ (చెల్లుతుంది) ఉంటేనే నమ్మాలి. ‘వీ’ (చెల్లదు) ఉన్నప్పుడు కూడా సమయం వస్తూనే ఉంటుంది, అది రిసీవర్ సొంత గడియారం. మరీ పాత రిసీవర్లు 2019 ఏప్రిల్ 6 నాటి వారాల రోల్‌ఓవర్ (వారాల లెక్క మళ్లీ సున్నాకి రావడం) తర్వాత తేదీని 1024 వారాలు వెనక్కి చూపిస్తాయి. అలాంటివి కొనొద్దు.

డాంగిల్ పెట్టగానే మౌస్ దానంతటదే గెంతులేస్తే దెయ్యం పట్టలేదు: విండోస్ దాన్ని సీరియల్ మౌస్ అనుకుంది. డివైస్ మేనేజర్‌లో ఆ ‘సీరియల్ బాల్‌పాయింట్’ని డిసేబుల్ చేయండి.

క్రిస్టల్_ఓవెన్

పై దానికి ఒక్క మాట. గడియారానికి ఇద్దరు యజమానులు వద్దు. జీపీఎస్ ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు విండోస్ టైమ్ సర్వీస్ ఆపేయండి, లేకపోతే నెట్ దొరికినప్పుడల్లా ఒకటి ముందుకి, ఇంకొకటి వెనక్కి లాగుతుంటాయి. నెట్ ఉన్న చోట విండోస్ సర్వీస్ మీదే ఆధారపడితే దాని విరామం చూసుకోండి. పాత సెటప్‌లలో అది 604800 సెకన్లు, అంటే వారానికోసారి. మీ 10 పీపీఎం క్రిస్టల్‌కి వారంలో ఆరు సెకన్ల తేడా. మైన్‌బెర్గ్ ఎన్‌టీపీ ప్రోగ్రామ్ పెట్టుకుంటే డ్రిఫ్ట్‌ని (గడియారం ఎంత చొప్పున తప్పుతోందో) కూడా నేర్చుకుంటుంది.

పై_మీద_పై

పై 4లో బ్యాటరీ గడియారమే లేదు. (పై 5లో ఉంది, బ్యాటరీ విడిగా తగిలించాలి.) కరెంటు పోయి వస్తే ఆగిన చోటి నుంచే లెక్కపెడుతుంది. డీఎస్3231 అనే బ్యాటరీ గడియారం మాడ్యూల్‌ని ఐ2సీ పిన్నులకి కలపండి. మామూలు ఉష్ణోగ్రతల్లో ±2 పీపీఎం, రోజుకి 0.17 సెకను మించదు. గడియారం సింక్ అయి ఉన్నప్పుడే దాన్ని మాడ్యూల్‌లోకి రాయాలి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. బూట్ సమయంలో లినక్స్ కెర్నల్ ఆ మాడ్యూల్‌ని పూర్తి సెకన్లలోనే చదివి అర సెకను కలుపుతుంది, అంటే అర సెకను వరకు తేడా ముందే వచ్చేస్తుంది. బూట్ అయ్యాక హెచ్‌డబ్ల్యూక్లాక్ కమాండ్‌ని ‘మైనస్ ఎస్’తో ఇంకోసారి నడపండి. అది సెకను మారే క్షణం కోసం ఆగి చదువుతుంది.

జీపీఎస్ కూడా పెడితే జీపీఎస్‌డీకి (జీపీఎస్‌ని చదివే ప్రోగ్రామ్) ‘మైనస్ ఎన్’ ఇవ్వండి, లేకపోతే ఎవరైనా అడిగేదాకా అది రిసీవర్‌ని తెరవదు. క్రోనీలో (గడియారం సరిచేసే ప్రోగ్రామ్) ‘మేక్‌స్టెప్ 1 3’ ఉంటే మొదటి మూడు సవరణల్లోనే గడియారాన్ని ఒక్కసారిగా జరుపుతుంది, తర్వాత మెల్లగా లాగుతుంది. జీపీఎస్ ఆలస్యంగా లాక్ అయ్యే చోట 3 బదులు -1 పెట్టండి.

యాగీ_3

రాస్ప్‌బెర్రీ పై గడియారం గంటల్లో తప్పినా సెకన్లు సరిగ్గా ఉంటే డీకోడ్ హాయిగా నడుస్తుంది, కాబట్టి ఆ తప్పు లాగ్‌లోనే బయటపడుతుంది. లాగ్‌బుక్ ఆఫ్ ద వరల్డ్‌లో (కాంటాక్ట్‌లు ధ్రువీకరించే ఆన్‌లైన్ సేవ) రెండు వైపుల సమయాలూ 30 నిమిషాల లోపు ఉంటేనే కాంటాక్ట్ జత కుదురుతుంది. అప్‌లోడ్ చేసే ముందు మొదటి ఎంట్రీ యూటీసీ చూసుకోండి.