26 పౌండ్ల గట్టింగ్‌కే ఫ్రేమ్ విరిగింది, వారంటీ అడగొచ్చా?

అందరికీ నమస్కారం. బ్యాడ్మింటన్ రాకెట్ వారంటీ క్లెయిమ్ చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

నా రాకెట్ మీద టెన్షన్ (స్ట్రింగ్స్ బిగువు) 20 నుంచి 28 పౌండ్ల వరకు అని ముద్రించి ఉంది. నేను గట్టింగ్ (స్ట్రింగ్స్ బిగించడం) 26కి వేయించాను. రాత్రి ఆడి బ్యాగులో పెట్టాను, పొద్దున తీసి చూస్తే ఫ్రేమ్ పైభాగంలో, గడియారంలో 2 ఉండే చోట, గ్రోమెట్ (స్ట్రింగ్ దూరే రంధ్రంలోని ప్లాస్టిక్ గొట్టం) పక్కనుంచి చీలి లోపలికి నొక్కుకుపోయింది. స్ట్రింగ్ ఒక్కటీ తెగలేదు. డబుల్స్‌లో పక్కవాళ్ళ రాకెట్‌కి తగల్లేదు, నేలకీ కొట్టుకోలేదు. చీలిన చోట పెయింట్ మీద చిన్న గీత కూడా లేదు.

షాపువాళ్ళు మాత్రం సరిగ్గా చూడకుండానే "టెన్షన్ ఎక్కువైంది, వారంటీ రాదు" అనేశారు. ఇది అన్యాయం అనిపిస్తోంది. అడ్డం స్ట్రింగ్స్ 2 పౌండ్లు ఎక్కువ లాగినా 28 దాటదు కదా!

ఇప్పుడు నా ఇబ్బంది ఏంటంటే, ఫ్రేమ్ ఇంకా వంగకుండా ఉండాలంటే స్ట్రింగ్స్ వెంటనే కత్తిరించేయాలి. కత్తిరిస్తే ఎంత టెన్షన్ వేశారో చూపించే ఆధారం పోతుందేమో. అలాగని ఉంచినా, గట్టింగ్ అయిన దగ్గర్నుంచీ టెన్షన్ తగ్గుతూనే ఉంటుంది కాబట్టి ఇప్పుడు కొలిచిన లెక్కని వాళ్ళు ఒప్పుకుంటారా? గట్టింగ్ రసీదు మీద 26 అని రాసి ఉంది, అది చాలా? అన్ని వైపులా ఫొటోలు తీసి కత్తిరించేయనా, లేక ఇలాగే కంపెనీకి పంపనా? షాపుతో పనిలేకుండా నేరుగా కంపెనీకే రాసి క్లెయిమ్ తెచ్చుకున్నవాళ్ళు ఉంటే, ఏమేం జత చేశారో చెప్పండి.