రెమ్డెసివిర్ వయల్‌లో మందు 100 మి.గ్రా., సైక్లోడెక్స్‌ట్రిన్ 3 గ్రాములు: ఎందుకంత?

ఫార్మ్‌డీ_నోట్సు:

అందరికీ నమస్కారం. ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు రెమ్డెసివిర్ (నరంలోకి ఎక్కించే యాంటీవైరల్ మందు) ఇచ్చే పద్ధతి మీద వార్డు గోడకు అంటించేలా ఒక్క పేజీ నోట్సు తయారు చేస్తున్నాను. మూడు చోట్ల ఆగిపోయాను.

మొదటిది, పౌడర్ వయల్‌లో మందు 100 మిల్లీగ్రాములే ఉంటే దానికి 30 రెట్లు సైక్లోడెక్స్‌ట్రిన్ ఉంది. అది మందును నీళ్లలో కరిగించే పదార్థం. కరగడానికే అయితే అంత ఎందుకు? దీన్ని కూడా "తమంతట తాము అమరిపోయే అణువుల" లెక్కలో వేస్తున్నారు, అది సరైనదేనా? రెండోది, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు ఇవ్వకూడదని పాత కాగితాల్లో ఉంది, కొత్తవాటిలో ఇవ్వొచ్చని ఉంది. మూడోది, ఏ దశ రోగికి ఇది నిజంగా పనిచేస్తుంది? ట్రయల్స్ ఒక్కోటి ఒక్కోలా చెప్తున్నట్టు అనిపిస్తోంది. అంకెలతో చెప్పగలిగితే మేలు.

సూదిమందు_లెక్కలు:

కలిపే పద్ధతి నేను రాస్తాను. తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే.

100 మి.గ్రా. పౌడర్ వయల్‌లో 19 మి.లీ. స్టెరైల్ వాటర్ ఫర్ ఇంజెక్షన్ పోయాలి. 20 కాదు, 19. పొడి కరిగాక మొత్తం 20 మి.లీ. అవుతుంది, అంటే మి.లీ.కి 5 మి.గ్రా. ఈ దశలో సెలైన్ వాడొద్దు, నీళ్లే. వెంటనే 30 సెకన్లు ఊపి, 2-3 నిమిషాలు కదపకుండా ఉంచండి. తేటగా రాకపోతే మళ్లీ 30 సెకన్లు ఊపి, మళ్లీ ఆగండి. ఊపగానే నురగ వస్తుంది. నురగ ఉండగానే సిరంజిలోకి లాగితే గాలి బుడగలు కూడా కొలతలో పడి డోసు తగ్గిపోతుంది. ఆ రెండు మూడు నిమిషాల ఆగడం అందుకు కూడా పనికొస్తుంది. తేటగా అయ్యాక కూడా అడుగున రేణువులు కనిపిస్తే ఆ వయల్ పారేయాల్సిందే.

తర్వాత 0.9 శాతం సెలైన్ బ్యాగ్. మొదటి రోజు 200 మి.గ్రా. కాబట్టి 250 మి.లీ. బ్యాగ్‌లోంచి ముందు 40 మి.లీ. సెలైన్ తీసేసి, రెండు వయల్స్ నుంచి 20 చొప్పున 40 మి.లీ. మందు ఎక్కించాలి. రెండో రోజు నుంచి 100 మి.గ్రా., అంటే 20 తీసి 20 పెట్టడం. బ్యాగ్‌ని మెల్లగా 20 సార్లు తలకిందులు చేయండి, ఊపొద్దు. డెక్స్‌ట్రోజ్ వద్దు. అదే లైన్‌లో ఇంకో మందు కలిపి పంపొద్దు. 30 నుంచి 120 నిమిషాల్లో ఎక్కించాలి. అయిపోయాక కనీసం 30 మి.లీ. సెలైన్‌తో లైన్ ఫ్లష్ చేయండి. లేకపోతే ట్యూబ్‌లో మిగిలిన మందు రోగికి చేరదు. ఇది చాలామంది మరిచిపోయే మెట్టు, నోట్సులో పెద్ద అక్షరాలతో వేయండి.

కలిపిన బ్యాగ్ గది వేడిమిలో 24 గంటలు, ఫ్రిజ్‌లో 48 గంటలు నిలుస్తుంది. ఎక్కించేటప్పుడు, అయ్యాక కనీసం గంటసేపు రోగిని గమనించాలి. వాంతి వచ్చినట్టుండటం, చెమటలు, బీపీ పడిపోవడం, నాడి నెమ్మదించడం కనిపించవచ్చు. తేలికగా ఉంటే వేగం తగ్గించి 120 నిమిషాలకు సాగదీస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. తీవ్రంగా ఉంటే వెంటనే ఆపేయాలి.

అతిథి_అణువు:

మొదటి ప్రశ్నకు నా జవాబు. అవునండీ, ఇది సూటిగా సుప్రామాలిక్యులర్ కెమిస్ట్రీయే, అంటే అణువులు ఒకదానితో ఒకటి జట్టుకట్టే తీరును చదివే శాస్త్రం. 1987లో క్రామ్, లెన్, పెడర్సన్‌లకు నోబెల్ వచ్చింది ఈ "ఆతిథేయి-అతిథి" రకం అణువుల మీదే. ఒక అణువు ఇంటివాడు, ఇంకోటి అతిథి. ఇద్దరి మధ్యా రసాయన బంధం ఏదీ ఏర్పడదు.

బీటా-సైక్లోడెక్స్‌ట్రిన్ అంటే ఏడు గ్లూకోజ్ యూనిట్ల ఉంగరం. అడుగు లేని చిన్న కప్పు అనుకోండి. బయటి వైపు నీటితో కలిసిపోతుంది, లోపలి గోడ మాత్రం నీటికి దూరంగా ఉంటుంది. రెమ్డెసివిర్‌లో నీళ్లంటే పడని భాగాలు ఆ కప్పులోకి దూరతాయి. లోపల ఇరుక్కున్న నీటి అణువులు బయటికి వస్తాయి. అమరికకు కావలసిన శక్తి చాలావరకు అక్కడే దొరుకుతుంది. ఎవరూ నెట్టనక్కర్లేదు, అందుకే దాన్ని తమంతట తాము అమరడం అంటారు.

ఇక 30 రెట్లు ఎందుకు అన్నది. గ్రాముల్లో చూస్తే 30 రెట్లే, కానీ అణువుల లెక్క వేరు. రెమ్డెసివిర్ అణుభారం దాదాపు 603, కాబట్టి 100 మి.గ్రా. అంటే 0.166 మిల్లీమోల్. వాడే సల్ఫోబ్యూటైల్ ఈథర్ రకం సైక్లోడెక్స్‌ట్రిన్ సగటు అణుభారం 2,160 చిల్లర, కాబట్టి 3 గ్రాములు 1.39 మిల్లీమోల్. అంటే ఒక్కో మందు అణువుకు ఎనిమిదికి పైగా కప్పులు. ఒక అణువుకు ఒక కప్పు చాలు కదా అంటే, ఇది తాళం వేసిన పెట్టె కాదు, వచ్చిపోయే సమతౌల్యం. మందు కప్పులోకి వెళ్తుంటుంది, బయటికి వస్తుంటుంది. కప్పులు ఎక్కువుంటేనే బయట ఉన్న మందు మోతాదు ఎప్పుడూ కరిగే హద్దు లోపల ఉంటుంది. కప్పులు తగ్గించారంటే బయట మిగిలిన అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని అవక్షేపంగా దిగిపోతాయి. దీనికి తోడు ఫార్ములేషన్‌ని ఆమ్ల పీహెచ్‌లో ఉంచుతారు, మందు అక్కడ ఇంకాస్త బాగా కరుగుతుంది.

రక్తంలోకి వెళ్లగానే ఇదే సమతౌల్యం తిరగబడుతుంది. లీటర్ల ద్రవంలో పల్చబడటంతో కప్పు, మందు విడిపోతాయి. విడిపోయిన మందులో ఎక్కువ భాగాన్ని ప్లాస్మా ప్రొటీన్లు పట్టుకుంటాయి. పట్టు బలహీనంగా ఉండటమే ఇక్కడ సుగుణం. గట్టిగా పట్టుకునే ఇంటివాణ్ణి తయారు చేయడం గొప్పే కానీ, అతిథిని వదలకపోతే ఆ మందు ఎందుకూ కొరగాదు.

మామూలు బీటా-సైక్లోడెక్స్‌ట్రిన్‌ని నరంలోకి ఎక్కిస్తే కిడ్నీ దెబ్బతింటుంది. అది నీళ్లలో మి.లీ.కి 18 మి.గ్రా. మించి పెద్దగా కరగదు కూడా. అంచుల మీద రుణావేశం ఉన్న సల్ఫోబ్యూటైల్ తోకలు తగిలించింది ఈ రెండు బాధలూ తప్పించడానికే.

అమరిక మనకు ఎదురు తిరిగిన ఉదాహరణ కూడా చెప్తాను, ఇదీ కోవిడ్ మందుల కుటుంబంలోదే. నిర్మాట్రెల్విర్ అనే కోవిడ్ మాత్రతో కలిపి ఇచ్చే రిటోనవిర్ మొదట హెచ్‌ఐవీ మందు. 1998లో దాని క్యాప్సూళ్లలో అప్పటిదాకా ఎవరికీ తెలియని రెండో రకం స్ఫటికం పుట్టింది. అదే అణువు, అదే ఫార్ములా, హైడ్రోజన్ బంధాల అల్లిక మాత్రం వేరు. ఆ అల్లిక మరింత స్థిరం, కాబట్టి చాలా తక్కువగా కరిగేది. క్యాప్సూళ్లు మార్కెట్ నుంచి వెనక్కి పోయాయి. ఇప్పటి మాత్రల్లో రిటోనవిర్‌ని పాలిమర్‌లో చెదరగొట్టి, స్ఫటికంగా అమరనివ్వకుండా ఉంచుతారు.

వార్డు_ప్రొటోకాల్:

రెండో, మూడో ప్రశ్నలు నేను తీసుకుంటాను.

కిడ్నీ సంగతి. భయం మందు వల్ల కన్నా ఆ కప్పుల వల్లే ఎక్కువ. సల్ఫోబ్యూటైల్ సైక్లోడెక్స్‌ట్రిన్ బయటికి పోయే దారి కిడ్నీయే, అందుకే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత వేగం) 30 కన్నా తక్కువ ఉన్నవాళ్లను మొదటి ట్రయల్స్‌లో చేర్చుకోలేదు. లేబుల్ మీద హెచ్చరిక అలా వచ్చింది. లెక్క చూడండి: మొదటి రోజు రెండు పౌడర్ వయల్స్ అంటే 6 గ్రాములు, 60 కిలోల మనిషికి కిలోకి 100 మి.గ్రా. ఐరోపా నియంత్రణ సంస్థ భద్రమని చెప్పే హద్దు రోజుకు కిలోకి 250 మి.గ్రా. పైగా కోర్సు కొద్ది రోజులదే, డయాలిసిస్‌లో కప్పులు బయటికి పోతాయి. 2023 జులైలో అమెరికా ఎఫ్‌డీఏ డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకు సహా, డోసు మార్చకుండా ఇవ్వొచ్చని లేబుల్ మార్చింది. మీ పాత కాగితాలూ కొత్త కాగితాలూ రెండూ వాటి కాలానికి సరైనవే. ద్రవరూపంలో వచ్చే వయల్‌లో మాత్రం సైక్లోడెక్స్‌ట్రిన్ 6 గ్రాములు ఉంటుంది. కిడ్నీ బాగాలేని రోగికి రెండూ అందుబాటులో ఉంటే పౌడర్ వయల్ తీసుకోవడం మంచిది.

ఎవరికి పనిచేస్తుంది అన్నదానికి ముందు ఒక్క మాట. ఈ జబ్బులో రెండు గడియారాలు నడుస్తాయి. లక్షణాలు మొదలయ్యే రోజుల్లోనే వైరస్ సంఖ్య శిఖరానికి చేరుతుంది. ఊపిరితిత్తులు చెడేది ఎక్కువగా రెండో వారంలో, మన శరీరపు సొంత వాపు వల్ల. యాంటీవైరల్ మొదటి గడియారాన్నే ఆపగలదు. ట్రయల్స్ ఈ కంటితో చూస్తే పొంతన కుదురుతుంది.

ఆసుపత్రిలో చేరినవాళ్ల మీద రెమ్డెసివిర్‌ని పరీక్షించిన ఏసీటీటీ-1 ట్రయల్‌లో 1,062 మంది. కోలుకునే మధ్యస్థ కాలం 15 రోజుల నుంచి 10 రోజులకు తగ్గింది. 29 రోజుల నాటికి మరణాలు 15.2 నుంచి 11.4 శాతానికి దిగాయి కానీ, గణాంకాల పరంగా ఆ తేడా గట్టిగా నిలబడలేదు. మామూలు ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఫలితం అందరికన్నా బాగుంది. డబ్ల్యూహెచ్‌ఓ సాలిడారిటీ ట్రయల్ తుది ఫలితాలు 2022లో వచ్చాయి: వెంటిలేటర్ మీద లేనివాళ్లలో మందు ఇస్తే మరణాలు 11.9 శాతం, ఇవ్వకపోతే 13.5. అప్పటికే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మందు ఇస్తే 42.1, ఇవ్వకపోతే 38.6, అంటే లాభం ఏమీ లేదు. అక్కడ వైరస్ గడియారం అప్పటికే దాటిపోయింది.

ఆసుపత్రి బయట, లక్షణాలు మొదలైన 7 రోజుల్లోపు, ముప్పు ఎక్కువున్నవాళ్లకు 3 రోజులు ఇచ్చిన పైన్‌ట్రీ ట్రయల్‌లో ఆసుపత్రిలో చేరడం 87 శాతం తగ్గింది. మందు అదే, ఇచ్చిన సమయం వేరు.

వాపును తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ దీనికి సరిగ్గా తలకిందులు. రికవరీ ట్రయల్‌లో రోజుకు 6 మి.గ్రా. ఇస్తే, వెంటిలేటర్ మీద మరణాలు 41.4 నుంచి 29.3 శాతానికి, ఆక్సిజన్ మీద 26.2 నుంచి 23.3కి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో మేలు కనపడలేదు, ఇవ్వనివాళ్లలో 14.0, ఇచ్చినవాళ్లలో 17.8. అందుకే ఆక్సిజన్ అవసరం లేని రోగికి "ముందు జాగ్రత్తగా" స్టెరాయిడ్ వేయకండి. ఈ ఒక్క అలవాటు మానినా చాలామందికి మేలు.

నోట్సులో వేయాల్సినవి: వెంటిలేటర్, ఎక్మో (రక్తానికి శరీరం బయట ఆక్సిజన్ ఎక్కించే యంత్రం) లేనివాళ్లకు 5 రోజులు, మెరుగు లేకపోతే 10 దాకా. 5 రోజుల లోపే ఇంటికి వెళ్లే స్థితికి వస్తే కోర్సు పూర్తి కోసం రోగిని ఆసుపత్రిలో ఉంచొద్దు. మొదలుపెట్టే ముందు, మధ్యలో లివర్ ఎంజైమ్‌లు, ప్రోత్రాంబిన్ టైమ్ (రక్తం గడ్డకట్టే సమయం) చూడాలి. ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైమ్ సాధారణ గరిష్ఠానికి 10 రెట్లు దాటితే ఆపే ఆలోచన చేయాలి. పెరుగుదలతో పాటు లివర్ వాపు లక్షణాలు కూడా ఉంటే తప్పక ఆపాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో కలపొద్దు, కణం లోపల రెమ్డెసివిర్ క్రియాశీలం కావడానికి అది అడ్డుపడుతుంది.

ఫార్మ్‌డీ_నోట్సు:

చాలా ధన్యవాదాలండీ, మోల్ లెక్కతో బాగా అర్థమైంది. ఇంకొక్కటి. తమంతట తాము అమరే అణువులే నేరుగా వైరస్‌ని ఆపే మందులు కాగలవా? స్క్రీనింగ్ పేపర్లలో (ల్యాబ్‌లో ఎన్నో మందులను వైరస్ మీద పరీక్షించే పరిశోధనల్లో) పాత మందులెన్నో మైక్రోమోలార్ మోతాదులో పనిచేసినట్టు కనిపిస్తాయి, తర్వాత రోగుల్లో చాలావరకు నిలబడలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

స్క్రీనింగ్_బెంచ్:

సంబంధం ఉంది, చాలా దగ్గరి సంబంధం. ఆ ఓటముల్లో కొన్నిటికి కారణమే సెల్ఫ్-అసెంబ్లీ, అంటే తమంతట తాము అమరడం.

నీళ్లంటే పడని మందును బఫర్‌లో వేస్తే, ఒక మోతాదు దాటాక అణువులు గుంపు కట్టి కొల్లాయిడ్ రేణువులవుతాయి. ప్లేట్ చూడటానికి తేటగానే ఉంటుంది. కానీ ఎంజైమ్ ఆ రేణువు పైపూతకు అతుక్కుని పని మానేస్తుంది. మీటర్‌లో అది ఇన్హిబిషన్‌గా, అంటే మందు ఎంజైమ్‌ని ఆపినట్టుగా, కనిపిస్తుంది, అసలు మందు ఎంజైమ్ జేబులోకి వెళ్లనే లేదు. షోయిషెట్ ల్యాబ్ ఈ సంగతిని ఏళ్లుగా చూపిస్తూ వచ్చింది, 2021లో కోవిడ్ స్క్రీన్లలోనూ చూపించింది. పట్టుకునే దారులు తేలికే: 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ వేసి మళ్లీ కొలవండి, ప్రభావం మాయమైతే అది గుంపు పనే. డోసు-ప్రభావం గీత మరీ నిటారుగా ఉంటే అనుమానించండి. ఎంజైమ్ మోతాదు పది రెట్లు పెంచినప్పుడు ఐసీ50 (ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే మందు మోతాదు) కూడా బాగా జరిగిపోతే అనుమానం బలపడుతుంది. రేణువుల మీద కాంతి చెదరడాన్ని కొలిచే డైనమిక్ లైట్ స్కాటరింగ్‌లో రేణువులే కనిపిస్తాయి.

వైరస్ మెయిన్ ప్రొటీయేజ్‌తో (వైరస్ ప్రొటీన్లను ముక్కలుగా కోసే ఎంజైమ్‌తో) అదనంగా రెండు జాగ్రత్తలు. దాని కత్తి మొన సిస్టీన్ 145 అనే అమైనో ఆమ్లం, దాంతో ఇష్టం వచ్చినట్టు చర్య జరిపే పదార్థాలు ఎన్నో. సిస్టీన్‌ని అలాంటి చర్యల నుంచి కాపాడే డీటీటీ అనే రసాయనం వేస్తే ఎబ్‌సెలెన్, డైసల్ఫిరామ్ లాంటివాటి ప్రభావం ఎగిరిపోయింది. రెండోది, ఆ ఎంజైమ్ అణువులు రెండు జతకడితేనే పనిచేస్తుంది. మరీ పల్చగా తీసుకుంటే జతలు విడిపోయి, మందు లేకుండానే వేగం పడిపోతుంది. కంట్రోల్ లేకపోతే దాన్నీ మందు ఖాతాలో రాసేస్తాం.

కణాల మీద ఇంకో ఉచ్చు ఉంది. ఒక చివర ధనావేశం, ఇంకో చివర కొవ్వు స్వభావం ఉన్న మందులు, ఉదాహరణకు అమియోడరోన్, కణంలో ఫాస్ఫోలిపిడ్లు పేరుకునేలా చేస్తాయి. కల్చర్‌లో వైరస్ తగ్గుతుంది, జంతువులో తగ్గదు.

ఇక నేరుగా మందులుగా. నాకు ఎక్కువ ఆశ ఉన్నది లిపోపెప్టైడ్ల మీద, అంటే కొవ్వు తోక తగిలించిన చిన్న ప్రొటీన్ ముక్కల మీద. స్పైక్ ప్రొటీన్ కణంతో కలిసేటప్పుడు రెండు భాగాలు చుట్టుకుని ఆరు హెలిక్స్‌ల కట్టగా అమరుతాయి. ఆ కట్టలో ఒక పాయను పోలిన పెప్టైడ్‌ని ముందే అడ్డం పెడితే కట్ట పూర్తి కాదు. రెండు పాయలకు కొలెస్టరాల్ తోక తగిలించిన రూపాన్ని ముక్కులో వేస్తే ఫెర్రెట్ల మధ్య వైరస్ అంటుకోవడం ఆగినట్టు 2021లో ప్రచురించారు. కొలెస్టరాల్ తోకలున్న పెప్టైడ్లు నీళ్లలో తమలో తామే గుంపు కడతాయి. ఆ గుంపు మరీ గట్టిదైతే పెప్టైడ్ పొర మీదికి చేరదు, మరీ వదులైతే త్వరగా చెదిరిపోతుంది. సైక్లోడెక్స్‌ట్రిన్ గురించి పైన చెప్పిన సంగతే ఇక్కడా.

మానవుల దాకా వచ్చినది వ్యాక్సిన్ వైపు. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో డిజైన్ చేసిన ఐ53-50 రేణువులో 20 త్రికాలు (మూడు ప్రొటీన్ ముక్కల జట్లు), 12 పంచకాలు (ఐదు ముక్కల జట్లు) కలిపితే 120 ముక్కల గోళంగా అమరిపోతాయి, దాని మీద స్పైక్‌లోని గ్రాహక భాగాలు 60 నిలబడతాయి. దీని ఆధారంగా చేసిన టీకాను 2022 జూన్‌లో దక్షిణ కొరియా ఆమోదించింది. అయితే అది చేరిన రోగికి చికిత్స కాదు, మీ నోట్సులోకి రాదు.

స్క్రీనింగ్ పేపర్ చదివేటప్పుడు ముందు మెథడ్స్‌లో బఫర్ వరుస చూడండి. డిటర్జెంట్, డీటీటీ పేర్లు అక్కడ లేకపోతే ఐసీ50 పట్టికలోకి పోవాల్సిన పనిలేదు.

సూదిమందు_లెక్కలు:

పై ప్రొటోకాల్ జవాబుకు చిన్న చేర్పు. ద్రవరూపం వయల్ ఫ్రిజ్‌లో ఉంచాలి, కలిపే ముందు గది వేడిమికి తేవాలి, దానికి నీళ్లు కలపనక్కర్లేదు, నేరుగా బ్యాగ్‌లోకే. పౌడర్ వయల్ మాత్రం 30 డిగ్రీల లోపు బయటే ఉంచొచ్చు. రెండు రకాలూ ఉన్న చోట వేర్వేరు అరల్లో పెట్టించండి, ద్రవం వయల్‌లో అలవాటుగా 19 మి.లీ. నీళ్లు పోస్తే డోసు లెక్క మొత్తం తప్పుతుంది.